మన ఊరి శాస్త్రవేత్త మీద రాస్తున్న అబ్బయకు

కావలి

చిరంజీవి అబ్బయకు ఆశీస్సులు.

మీ ఊరి ఇమ్యునాలజీ (రోగనిరోధక శక్తి మీద పరిశోధన) శాస్త్రవేత్త మీద నువ్వు రాసింది చదివాను. బడి, వాళ్ల నాయన సేద్యం, స్కాలర్‌షిప్పు దాకా బాగుంది. ఆ తర్వాత "వందల పేపర్లు, వేల సైటేషన్లు, అంతర్జాతీయ ఖ్యాతి" అని ఒక్క వాక్యంలో తేల్చేశావు. సైటేషన్ అంటే ఒకరి పరిశోధన పేపరును ఇంకో పేపరు ఉదహరించడం, అంతే. ఆయన కనిపెట్టింది ఏందో ఎక్కడా లేదు.

ముందు ఆ పేపర్లు ఆయనవేనా చూడు. మనకు ఇంటిపేరు ముందుంటుంది, డేటాబేసులేమో చివరి మాటను ఇంటిపేరు అనుకుంటాయి. అందుకే వైద్య పరిశోధన పేపర్ల డేటాబేసు పబ్‌మెడ్‌లో మనవాళ్లు చాలామంది రెడ్డి, రావు, కుమార్‌ల కింద పొడి అక్షరాలతో పడి ఉంటారు. ఒకే పొడి అక్షరాలున్న ఇద్దరు రెడ్లలో ఒకరిది టి కణాల (రోగనిరోధక కణాల) పని, ఇంకొకరిది పాలిమర్ల పని అయినా, పేపర్లు వెతికే గూగుల్ స్కాలర్ సైటు ఇద్దరి పేపర్లనూ ఒకే ఖాతాలో వేసేయగలదు. ఆయన ఆర్కిడ్ నంబరు అడుగు, ఒక్కో పరిశోధకుడికి విడిగా ఇచ్చే గుర్తింపు నంబరు అది, 16 అంకెలుంటుంది. సంస్థ, సంవత్సరం, సహరచయితలు కుదరని పేపరు కనబడితే పక్కన పెట్టి, ఆయన్నే అడుగు. ఊరి పేరుతో మాత్రం వెతకబాక. నెల్లూరు అని కొడితే బ్రెజిల్ పశువులు, ఒంగోలు అని కొడితే ఇండోనేషియా ఎద్దులు వచ్చి పడతాయి. మన జాతులు అంత దూరం పోయినాయి మరి!

తర్వాత రచయితల వరసలో ఆయన ఎక్కడున్నాడో చూడు. బయాలజీలో మామూలుగా మొదటి పేరు ప్రయోగాలు చేసినవాళ్లది, చివరి పేరు ల్యాబ్ నడిపేవాళ్లది. అరవై మంది రాసిన పేపర్లో ముప్పయ్యేడో పేరుగా ఉండి, దానికి తొమ్మిది వందల సైటేషన్లొచ్చినా ఆ తొమ్మిది వందలూ ఆయన మొత్తంలో కలిసిపోతాయి. పేర్ల మీద నక్షత్రం (*) గుర్తులుంటే కింద ఏం రాశారో చదువు. "సమాన భాగస్వామ్యం" అని ఉంటే రెండో పేరుకూ మొదటి పేరంత విలువ.

హెచ్-ఇండెక్స్ అని రాశావు, ఎట్లా వస్తుందో రాయలేదు. 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త పెట్టిన లెక్క అది. ఐదు పేపర్లకు 40, 12, 6, 4, 1 సైటేషన్లు ఉన్నాయనుకో. కనీసం నాలుగేసి సైటేషన్లున్నవి నాలుగు, కాబట్టి హెచ్ 4. ఆ 40 కాస్తా 4,000 అయినా హెచ్ 4 దాటదు. పైగా ఈ అంకె వయసుతో పెరిగేదే కానీ తగ్గేది కాదు, కాబట్టి ముప్పై ఏళ్ల సర్వీసున్న ఆయన్ని నిన్నగాక మొన్న ల్యాబ్ పెట్టినావిడతో పోల్చబాక.

గూగుల్ స్కాలర్ థీసిస్‌లనూ, పత్రికలో రాకముందే పెట్టే ప్రీప్రింట్లనూ కలుపుతుంది కాబట్టి అక్కడి అంకె స్కోపస్ అనే ఇంకో డేటాబేసు కంటే పెద్దదిగా ఉంటుంది. ఏది వాడినా దాని పేరు, చూసిన తేదీ రాయి. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ పత్రికది, మనిషిది కాదు. గత రెండేళ్ల వ్యాసాలకు ఈ ఏడాది వచ్చిన సైటేషన్ల సగటు, అంతే.

అసలు సంగతి ఇది. సైటేషన్ అంటే మెప్పు కాదు. టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన 1998 నాటి పేపరును, లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చినదాన్ని, 2010లో వెనక్కి తీసుకున్నారు. దానికీ సైటేషన్లు దండిగా ఉన్నాయి, ఎక్కువ భాగం అది తప్పని చెప్పడానికే. ఇంకో రకం కూడా ఉంది. ప్రొటీన్ కొలిచే లౌరీ పద్ధతి, 1951 నాటిది, మూడు లక్షల సైటేషన్లు దాటింది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, ఫిస్క్ అనే తోటి శాస్త్రవేత్తతో కలిసి 1925లో రాసిన ఫాస్ఫరస్ కొలిచే పేపరునూ దశాబ్దాల తరబడి ఉదహరించారు. ఇవి పనిముట్లు, అందుకే వాటి పేర్లు పద్ధతుల భాగంలో వస్తాయి. ఇదివరకటి పనిని సమీక్షించే రివ్యూ వ్యాసాలకూ సైటేషన్లు ఎక్కువే, వాటిలో కొత్త ప్రయోగం ఉండదు.

కాబట్టి ఆయన పేపర్లలో ఎక్కువ సైటేషన్లున్న మూడు తీసుకో. ఒక్కోదాన్ని ఉదహరించిన ఐదు పేపర్లు తెరిచి, ఆయన పేరు దగ్గర ఆ వాక్యం ఏమంటోందో చదువు. ఉపోద్ఘాతంలో పది పేర్ల గుంపులో ఉందా, పద్ధతుల్లో ఉందా, చర్చలో "ఈ ఫలితం మాకూ వచ్చింది" అని ఉందా చూడు. ఆ మూడో రకం వాక్యం దొరికితే దాని గురించే రాయాలి. వెనక్కి తీసుకున్న పేపరేదైనా ఉందేమో పబ్‌మెడ్‌లో కనబడుతుంది, అదీ చూసుకో.

ఆయన చివరి పేరుగా ఉన్న పేపరొకటి ఎంచుకుని, ఏ కణం, ఎలుకలోనా మనిషి రక్తంలోనా, ఏం తేలింది అని నాలుగు వాక్యాల్లో రాసి పంపు. సైటేషన్ల సంగతి దాని కింద ఒక్క వరస చాలు.

ఇట్లు
పెదనాయన