సీసా మనదే అయితే గేటు దగ్గర డబ్బులెందుకు?

ప్రశ్న: అన్నా, నేను నెవార్క్‌లో ఎమ్మెస్ చేస్తున్నాను. వచ్చి నాలుగు నెలలైంది. డిసెంబరు 31 రాత్రికి మా రూమ్మేట్లు ఒక పార్టీకి టికెట్లు కొందామంటున్నారు. డీజే, డాన్స్ ఫ్లోర్ అన్నీ ఉంటాయట. మనిషికి 60 డాలర్లు. మందు మాత్రం ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి, బీవైఓబీ అని రాశారు. ఏ సీసా అయినా పట్టుకెళ్లొచ్చా? పోలీసులతో ఇబ్బంది ఉంటుందా? ఇంట్లో తెలిస్తే చంపేస్తారు, అది వేరే సంగతి.

జవాబు: ఇంటి సంగతి నువ్వే చూసుకో తమ్ముడూ, గేటు సంగతి నేను చెబుతాను. న్యూజెర్సీలో లైసెన్సు లేని చోట నీ సీసా నువ్వు తెచ్చుకోవడం తప్పు కాదు. తెచ్చుకోనిచ్చినందుకు వాడు డబ్బులు వసూలు చెయ్యడం తప్పు. అందరికీ తలుపు తెరిచి తిండో కూల్‌డ్రింకో అమ్మే చోటుకి మందు లైసెన్సు లేకపోతే, అక్కడ కస్టమరు బీరు గానీ వైను గానీ తెచ్చుకుని తాగొచ్చు. అంతవరకే. గేటు దగ్గర టికెట్టు పెట్టకూడదు, సీసా మూత తీసినందుకు ఛార్జీ వెయ్యకూడదు, గ్లాసులకీ ఐసుకీ సర్వీసు ఛార్జీ అని బిల్లులో కలపకూడదు. ఇది రాష్ట్ర చట్టంలోనే ఉంది. పైగా ఏ ఊరికి ఆ ఊరు ఇది కూడా వద్దని స్థానికంగా నిషేధించుకోవచ్చు.

ఇంకో మాట. బీరు, వైను అన్నాను, విస్కీ అనలేదు. మనవాళ్లు బోల్తాపడేది ఇక్కడే. మన ఊళ్లో వైన్ షాపు అంటే అన్నీ దొరికే కొట్టు. ద్రాక్షసారా ఒక్కటే కాదు, క్వార్టరు, హాఫు, ఫుల్లు అన్నీ వైనే. ఇక్కడ వైనంటే వైనే. విస్కీ, రమ్ము, వోడ్కా, టెకీలా ఏవీ ఈ వెసులుబాటులోకి రావు. కోక్ సీసాలో సగం పారబోసి మిగతాది నింపుకుని వెళ్లే తెలివితేటలు నాకూ తెలుసు, ఒకప్పుడు నేనూ చేశాను. పట్టుబడితే ముందు ఇరుక్కునేది హోటలు యజమాని. ఓక్ ట్రీ రోడ్డులో దోసెలు వేసి బతికే మనిషిని మన మూడు పెగ్గుల కోసం కేసులో ఇరికించడం ఏం న్యాయం చెప్పు.

అసలీ పద్ధతి ఎందుకొచ్చిందో తెలిస్తే మిగతాది నీకే అర్థమవుతుంది. న్యూజెర్సీలో బార్ లైసెన్సులకి ఊరి జనాభాని బట్టి లెక్క ఉంది. సుమారుగా ప్రతి 3,000 మందికి ఒకటి. ఉన్నవి ఎప్పుడో అయిపోయాయి కాబట్టి కొత్తగా హోటలు పెట్టేవాడు పాతవాడి దగ్గర కొనాలి. చాలా ఊళ్లలో అది లక్షల డాలర్ల మాట. ఇడ్లీ, బిర్యానీ అమ్మి ఆ డబ్బు ఎప్పటికి రాబట్టుకుంటాడు? అందుకే ఎడిసన్, ఐసలిన్, జెర్సీ సిటీల్లో మన హోటళ్లు చాలావాటిలో సీసా మనమే పట్టుకెళ్తాం. డెలావేర్ నది అవతల ఫిలడెల్ఫియాలోనూ ఇలాంటివి బోలెడు. తిండి బాగుంటుంది, బిల్లు తక్కువవుతుంది, నాకైతే శనివారం సాయంత్రం అదే సుఖం.

కానీ నైట్‌క్లబ్బు వేరు. క్లబ్బు బతికేది రెండిటి మీద: గేటు టికెట్టు, లోపల బార్ అమ్మకం. బీవైఓబీ అనగానే బార్ పోయింది, చట్టం గేటునీ మూసేసింది. ఇక వాడికి డీజే ఖర్చు ఎక్కణ్ణుంచి రావాలి? అందుకే ఇక్కడ ఎవరైనా 'క్లబ్బు, బీవైఓబీ, మనిషికి ఇంత' అంటే, లెక్క ఎక్కడో తేడా కొడుతోందని అనుకోవాలి. నిజమైన బీవైఓబీ క్లబ్బులు లేవని కాదు. అట్లాంటిక్ సిటీలో అలాంటి క్లబ్బు ఒకటి కోర్టుకెక్కింది. సీసా తెచ్చుకోవచ్చని బోర్డు పెట్టడం కూడా నేరమే అప్పట్లో. 2018లో ఫెడరల్ కోర్టు ఆ ఒక్క నిషేధం చెల్లదంది, భావప్రకటన స్వేచ్ఛకి అడ్డమని. అంతకు ముందు హోటలుకి ఫోన్ చేసి మనమే గుసగుసగా అడగాల్సి వచ్చేది. ఇప్పుడు బోర్డులు కనిపిస్తాయి. గేటు టికెట్టు మాట మాత్రం ఆ తీర్పులో మారలేదు.

నా అనుభవం కూడా చెబుతాను. వచ్చిన కొత్తలో ఇలాగే ఒక హాల్లో న్యూ ఇయర్ పార్టీకి టికెట్లు కొన్నాం, నలుగురం. నిర్వాహకుడు మనవాడే, ఊరూ పేరూ వద్దులే. బల్లల మీద సీసాలే సీసాలు, ఒకళ్లయితే ఊరగాయ జాడీ కూడా తెచ్చారు మంచింగుకి. పదకొండున్నర దాటాక లైట్లన్నీ వెలిగాయి. పాట ఆగింది. ఇద్దరు పోలీసులు గుమ్మంలో నిలబడి అందరినీ మర్యాదగానే బయటికి నడవమన్నారు. కొత్త సంవత్సరం పార్కింగ్ లాట్‌లో, మంచులో, కోటు గుండీలు పెట్టుకుంటూ వచ్చింది మాకు. టికెట్టు డబ్బులు అడుగుదామంటే మర్నాటి నుంచి ఆయన ఫోన్ ఎత్తలేదు.

నువ్వు న్యూయార్క్ వెళ్లి అక్కడ పార్టీ చేసుకుందామంటావేమో. హడ్సన్ నది దాటితే లెక్క ఇంకా గట్టి. అక్కడ ఇరవై మందికో, అంతకన్నా ఎక్కువ మందికో చోటున్న స్థలం లాభం కోసం నడుపుతూ, లైసెన్సు లేకుండా జనాన్ని సొంత మందు తాగనివ్వడమే చట్టవిరుద్ధం. డాలస్‌లో మా బావమరిది ఉంటాడు, వాళ్ల టెక్సస్‌లో బీవైఓబీ క్లబ్బులు మామూలే. రాత్రి రెండు గంటలకి బార్లు మూసేశాక కూడా కొన్ని తెరిచే ఉంటాయి. అయినా అక్కడ గడియారం చూసుకోవాలి: రాత్రి ఆలస్యంగా అమ్మకం ఉండే ఊళ్లలో కూడా 2:15 దాటాక బహిరంగ స్థలంలో గ్లాసు ఎత్తకూడదు. సీసా నీదైనా సరే, క్లబ్బు తెరిచే ఉన్నా సరే. ఈ దేశంలో మందు చట్టం రాష్ట్రానికో రకం, కొన్నిచోట్ల ఊరికో రకం. ఒకచోట నేర్చుకున్నది ఇంకోచోట పనికిరాదు.

ఇక వీసా. నిన్ను నిజంగా భయపెట్టదలుచుకున్నది దీని గురించే. తాగి బండి నడిపితే న్యూజెర్సీలో అది ట్రాఫిక్ తప్పు కింద వస్తుంది, క్రిమినల్ నేరం కింద కాదు. 'అయితే పర్లేదుగా' అని నాతో ఇద్దరు ముగ్గురు వాదించారు. పర్లేదనుకోకు, కాన్సులేటు వాళ్ల పుస్తకం వేరు. 2015 నుంచీ, గత ఐదేళ్లలో తాగి నడిపినందుకు అరెస్టయితే చాలు, శిక్ష పడకపోయినా వీసా రద్దు చెయ్యొచ్చు. చెల్లి పెళ్లికని విజయవాడ వెళ్తావు. తిరిగి రావడానికి మళ్లీ వీసా స్టాంపింగు, దానికి ముందు వాళ్లు చెప్పిన డాక్టరు దగ్గర పరీక్ష. ఎప్పుడు తేలుతుందో ఎవరికి తెలుసు.

బీవైఓబీలో ఈ ప్రమాదం ఎక్కువ, కారణం చిన్నది. బార్‌లో పోసేవాడు కొలిచి పోస్తాడు, తూలుతుంటే ఆపేస్తాడు, ఆపకపోతే వాడి లైసెన్సుకే ముప్పు. ఇక్కడ పోసేది నీ రూమ్మేటు. ఇక్కడి వాళ్ల షాట్ 44 మి.లీ., మన లార్జ్ పెగ్గు 60. 'మూడే తాగాను' అని నువ్వు చెప్పే మూడు, వాళ్ల లెక్కలో నాలుగు దాటుతుంది. రక్తంలో మందు 0.08 శాతం దగ్గర చట్టం గీత. ఎన్ని పెగ్గులకి ఆ గీత దాటుతావో నీ బరువునీ, నువ్వు తిన్న తిండినీ బట్టి మారుతుంది, ఎవడి సలహా విని లెక్కలెయ్యకు. ఇంకో విషయం, ఇంట్లో సిట్టింగ్ పెట్టి, తూలుతున్నాడని కళ్లారా చూస్తూ అతిథికి ఇంకా పోసి, అతను కారేసుకుని వెళ్లి ఎవరినైనా గుద్దితే, పోసినవాడి మీద కూడా దావా పడుతుంది. 1984లో న్యూజెర్సీ సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పు అది.

పార్కింగ్ లాట్‌లో డిక్కీ తెరిచి బార్ పెట్టడం మనవాళ్లకి అలవాటు. మూత తీసిన సీసా కారు లోపల ఉంటే దానికో టికెట్టు. చలికి హీటర్ వేసుకుని ఇంజన్ నడుస్తుండగా డ్రైవర్ సీట్లో కునుకు తీస్తే, కారు అంగుళం కదలకపోయినా తాగి నడిపిన కేసు పెట్టిన సందర్భాలున్నాయి. మిగిలిన సీసా డిక్కీలోకి, నువ్వు వెనక సీట్లోకి, స్టీరింగు తాగనివాడి చేతికి. అలాంటివాడు మీలో లేకపోతే పాత్ రైలు రాత్రంతా నడుస్తుంది. నెవార్క్ నుంచి జెర్సీ సిటీకీ మన్‌హట్టన్‌కీ దానికి మించింది లేదు.

ఇక్కడ మందుకి 21 ఏళ్లు నిండాలి, నిండాయో లేదో చూసుకో. బీటెక్ కాగానే ఎగిరొచ్చిన కొందరికి ఇంకా నిండవు. నిండినా కొట్లో గుర్తింపు అడుగుతారు, పక్కనున్నవాడి దగ్గర కార్డు లేదని నీకు అమ్మకపోవడమూ ఉంది. మన లైసెన్సు చూపిస్తే చాలా చోట్ల తల అడ్డంగా ఊపుతారు. అందుకని పాస్‌పోర్టు జేబులో పెట్టుకుని డాన్స్ ఫ్లోర్ మీదకి వెళ్లకు. అది పోయిందంటే తాగినదంతా దిగిపోతుంది. ముందు ఇక్కడి లైసెన్సో, నడపనివాళ్లకిచ్చే గుర్తింపు కార్డో తీసుకో.

నన్నడిగితే ఆ 240 డాలర్లు, మీరు నలుగురనుకుంటే అందరివీ కలిపి, వేరే దారి పట్టించండి. ఐసలిన్‌లోనో జెర్సీ సిటీలోనో ముందే ఫోన్ చేసి, ఆ రాత్రి సీసా తెచ్చుకోనిస్తారో లేదో అడిగి బల్ల బుక్ చేసుకోండి. బీరు ఇంట్లోనే బాగా చల్లబెట్టుకుని వెళ్లండి, పండగ రోజు వాళ్ల ఫ్రిజ్‌లో చోటుండదు. గ్లాసులు తెచ్చి, ఐసు మార్చి, ఖాళీ సీసాలు ఎత్తే కుర్రాడికి మూత తీసిన ఛార్జీ రాదు కదా, టిప్పు తిండి బిల్లు మీద ఇరవై శాతం లెక్కగట్టి పైన ఇంకొంచెం పెట్టండి. వాడూ మనలాగే నాలుగు నెలల కింద దిగిన ఎమ్మెస్ కుర్రాడే అయ్యుండొచ్చు.