మళ్ళీ పోటీ చేసే ముందు

అమ్మలూ,

ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని తేల్చే ఎన్నికలో, ఓడిపోయాక రాజకీయాలు నాకు పడవని మీ అమ్మతో అన్నావట. మళ్ళీ నిలబడాలా వద్దా అని నన్నడిగావు కాబట్టి రాస్తున్నాను. నిలబడు. కానీ ముందు మన హ్యూస్టన్‌లోనే, ఫిఫ్త్ వార్డ్ అనే నల్లవాళ్ళ పేటలో పెరిగిన నల్లజాతి నాయకురాలు బార్బరా జోర్డన్ గురించి తెలుసుకో. ఇక్కడ ఎన్నికల పనిలోకి వచ్చే ప్రతి ఆడపిల్లకీ నేను మొదట చెప్పేది ఆమె గురించే.

ఆమె 1962లో టెక్సాస్ ప్రతినిధుల సభకు పోటీ చేసి ఓడిపోయింది. 1964లో మళ్ళీ ఓడిపోయింది. బోస్టన్‌లో లా చదివిన మనిషి, గొప్ప వక్త. అయినా గెలవలేదు. అప్పట్లో ఆ సీటుకి హారిస్ కౌంటీ అంతా ఓటేసేది. నల్లవాళ్ళ పేటల్లో ఓట్లు దండిగా పడినా కౌంటీ మొత్తం మీద అవి చాల్లేదు. తర్వాత, నియోజకవర్గాల్లో జనాభా సమానంగా ఉండాలని సుప్రీంకోర్టు తేల్చింది. దాంతో ఫిఫ్త్ వార్డ్ ఉన్న కొత్త సెనేట్ (రాష్ట్ర ఎగువ సభ) నియోజకవర్గం ఏర్పడింది. ఓటెయ్యాలంటే కట్టాల్సిన పన్నుని కూడా 1966లో కోర్టు కొట్టేసింది. ఆ ఏడే ఆమె గెలిచింది. 1883 తర్వాత టెక్సాస్ సెనేట్‌లో నల్లజాతి వాళ్ళెవరూ లేరు. నల్లజాతి మహిళ అయితే అసలు అదే మొదలు.

అందుకే నీ ఓటమి గురించి బాధపడేముందు ప్రిసింక్ట్‌వారీ, అంటే పోలింగ్ ప్రాంతాలవారీ, లెక్కలు తెప్పించుకో. ఎక్కడ ఓట్లు పడ్డాయి, ఎక్కడ మనవాళ్ళు ఓటేయడానికే రాలేదు, ఎక్కడికి నువ్వసలు వెళ్ళలేదు, మూడూ విడివిడిగా రాసుకో. గుడిలో, తెలుగు సంఘం సభలో చప్పట్లు కొట్టినవాళ్ళంతా నీ నియోజకవర్గంలో ఉండరు. జోర్డన్ 1960 అధ్యక్ష ఎన్నికల్లో కెనెడీ, జాన్సన్‌ల ప్రచారంలో చేరినప్పుడు మొదట కవర్ల మీద అడ్రసులు రాసే పనే చేసింది. తర్వాత వీధి వీధికీ మనుషుల్ని పెట్టి ఓటర్లను కదిలించింది. బ్లాక్ వాకింగ్‌కి సెలవు లేదమ్మా. ఎండైనా నువ్వే వెళ్ళి తలుపు తట్టాలి.

గెలిచాక ఏం చేసిందన్నది నాకు ఇంకా ముఖ్యం. సెనేట్‌లో మొత్తం 31 మంది, మిగతా 30 మందీ మగవాళ్ళే. ఆమె సభ నియమాలు క్షుణ్ణంగా నేర్చుకుంది, ఒక్కొక్కరితో కూర్చుని మాట్లాడింది, కమిటీల్లో ఓపిగ్గా పని చేసింది. రాష్ట్రానికి మొదటి కనీస వేతన చట్టం వచ్చింది ఆమె కృషితోనే. 1972లో ఆ సభ ఆమెనే తాత్కాలిక అధ్యక్షురాలిగా ఎన్నుకుంది. ఆ హోదాలోనే అదే ఏడు జూన్ 10న ఒక్కరోజు గవర్నర్‌గా కూడా ఉంది. తనని అనుమానంగా చూసిన సభలో ఆరేళ్ళలో ఆ నమ్మకం సంపాదించడం చిన్న విషయం కాదు. నాకైతే ఆమె తర్వాత కాంగ్రెస్ సభ్యురాలిగా వాషింగ్టన్‌లో చేసిన ప్రసంగాలకన్నా ఇదే గొప్పగా అనిపిస్తుంది.

అందుకని రాష్ట్ర రాజధాని ఆస్టిన్‌లో సభ జరిగే రోజుల్లో ఒక కమిటీ విచారణకి వెళ్ళి కూర్చో. బిల్లు ఎక్కడ ఆగిపోతుందో, ఎవరు ఎవరితో మాట్లాడితే కదులుతుందో అక్కడ తెలుస్తుంది. ఇంకో మాట, శాసనసభ్యులకి జీతం నెలకి 600 డాలర్లే. ఉద్యోగం సంగతి మీ ఆయనతో ఇప్పుడే మాట్లాడుకో, తర్వాత టెన్షన్ పడొద్దు.

లెక్కలు చేతికొచ్చాక ఫోన్ చెయ్యి. మ్యాపు ముందు పెట్టుకుని కూర్చుందాం.

ప్రేమతో,
పెద్దమ్మ