రిప్లై: సెల్ఫ్ కంట్రోల్ స్కోరుకీ తప్పులకీ లింకు మరీ ఎక్కువ వస్తోందన్న తమ్ముడికి

తమ్ముడూ, నీ ఫార్మ్ మొత్తం చదివా. సెల్ఫ్ కంట్రోల్ తక్కువున్నోళ్ళు తప్పులు ఎక్కువ చేస్తారా అని దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ పిల్లల మీద సర్వే, రెండిటికీ లింకు (కోరిలేషన్, 1 అయితే పూర్తి లింకు) 0.8 వచ్చింది, రీసెర్చ్ గైడ్ నమ్మట్లేదు అన్నావ్ కదా. నమ్మడు మరి, సెల్ఫ్ కంట్రోల్ కొలిచే ప్రశ్నల్లో (స్కేల్లో) "నేను సిగ్నల్ జంప్ చేస్తుంటా" అని పెట్టి కింద తప్పుల లిస్టులో మళ్ళీ "ఎన్నిసార్లు సిగ్నల్ జంప్ చేశావ్" అని అడిగితే అదే మాట రెండుసార్లు అడిగినట్టే, లింకు రాక ఏమొస్తది?

నేరాల మీద రీసెర్చ్ చేసే గాట్‌ఫ్రెడ్‌సన్, హిర్షీ 1990లో సెల్ఫ్ కంట్రోల్ తక్కువవడమే నేరాలకి మూలం అన్న థియరీ రాసినప్పుడూ ఇదే గొడవ, కంట్రోల్ లేదు కాబట్టి నేరం, నేరం చేశాడు కాబట్టి కంట్రోల్ లేదు, గానుగెద్దు తిరుగుడే. 1993లో గ్రాస్మిక్ వాళ్ళు చేసిన 24 ప్రశ్నల స్కేల్ తీసుకో, అందులో ఫలానా నేరం చేశావా అని ఉండదు, తొందరపాటు, తేలిక పనులే నచ్చడం, రిస్క్ సరదా, ఒళ్లు కదిలే పనుల మీద ఇష్టం, నా సంగతే ముఖ్యం అనుకోవడం, కోపం, ఒక్కోదానికి నాలుగు ప్రశ్నలు. తెలుగు చేశాక నీ ఫార్మ్ చూడని ఫ్రెండ్‌తో మళ్ళీ ఇంగ్లీషులోకి తిప్పించి పోల్చు.

ఇంకోటి, ప్రశ్నలన్నీ ఒకే వైపు ఉంటే కొందరు చదవకుండా అన్నిటికీ అవును కొట్టేస్తారు, కొన్ని తిరగేసి, కంట్రోల్ ఉన్నోడే అవును అనేలా పెట్టు. రూమ్మేట్ పక్కనుండగా ఫోన్లో నింపించకు, నిజం ఎవడు చెప్తాడు, పేరు లేని కాగితం, కవర్ ఇవ్వు.

ఇలా చేస్తే నీ 0.8 నంబర్ బాగా పడిపోద్ది, కంగారు పడకు. 2000లో ప్రాట్, కల్లెన్ అనే రీసెర్చర్లు ఈ థియరీ మీద పాత స్టడీలు కలిపి చూస్తే లింకు 0.2 దాటింది, దాన్నే గట్టి లింకు అన్నారు.