మేనకోడలికి: మ్యాట్రిక్స్ ఎంచుకునే ముందు

అమ్మలూ,

నీ అలైన్‌మెంట్, అంటే రెండు ప్రొటీన్లను పక్కపక్కన పెట్టి అక్షరానికి అక్షరం పోల్చినది, చూశాను. రెండు ప్రొటీన్లలో పావువంతు అక్షరాలు (ఒక్కో అక్షరం ఒక్కో అమైనో ఆమ్లం) కూడా కలవలేదని టెన్షన్ పడుతున్నావు. ముందు ఆ శాతం పక్కన పెట్టు. కలిసిన ప్రతి అక్షరానికీ ఒకే విలువ ఉండదు.

మనిషి హిమోగ్లోబిన్ ఆల్ఫా, బీటా గొలుసులు తీసుకో. మొదట్లోనే ఆల్ఫాలో అలనిన్, అలనిన్, ట్రిప్టోఫాన్, గ్లైసిన్, లైసిన్, వాలిన్ వరసగా వస్తాయి. బీటాలో రెండో అలనిన్ చోట లూసిన్ ఉంటుంది, మిగతావన్నీ అవే. ఏ అమైనో ఆమ్లానికి ఏది ఎదురుపడితే ఎంత స్కోరో చెప్పే టేబుల్‌నే మ్యాట్రిక్స్ అంటారు; అలాంటిదే అయిన బ్లోసమ్62 ముందు పెట్టుకుని చేత్తో కూడు: 4, −1, 11, 6, 5, 4. మొత్తం 29. అందులో 11 ఒక్క ట్రిప్టోఫాన్‌దే! అది అరుదైనది, ఒకచోట కుదురుకుంటే తేలిగ్గా మారదు. లూసిన్ అలా కాదు, ఎక్కడ చూసినా ఉంటుంది, ఊరికే కూడా కలుస్తుంది. అందుకే లూసిన్‌కి లూసిన్ ఎదురుపడితే 4 మాత్రమే. ఈ అంకెలు అర బిట్లు, అంటే ప్రతి రెండు పాయింట్లకూ రెట్టింపు. 4 అంటే యాదృచ్ఛికంగా కలిసేదానికి నాలుగు రెట్లు, 11 అంటే దాదాపు 45 రెట్లు.

సరిగ్గా ఆ వాలిన్ తర్వాతే బీటాలో రెండు అక్షరాలు తక్కువ. ప్రొటీన్లను పోల్చే ప్రోగ్రామ్ బ్లాస్ట్‌లో మామూలుగా ఉండే లెక్కలో, అలా లేని అక్షరాల చోట గ్యాప్ (ఖాళీ) తెరిస్తే స్కోరులోంచి 11, అందులోని ఒక్కో అక్షరానికి 1 పోతాయి. అంటే 13 పోయినట్టే. మ్యాట్రిక్స్ మార్చినప్పుడు ఈ గ్యాప్ విలువలు కూడా మార్చాలి, మర్చిపోకు.

ఇంకొకటి. సికిల్ సెల్ జబ్బులో గ్లుటామిక్ ఆమ్లం పోయి వాలిన్ వస్తుంది. దాని స్కోరు −2 మాత్రమే, కానీ మనిషి జీవితమే తలకిందులవుతుంది. బంధుత్వమున్న ప్రొటీన్లలో ఒక మార్పు ఎంత తరచుగా నిలిచిందో ఈ టేబుల్ చెబుతుంది. జబ్బు సంగతి దాన్ని అడగకు.

పేర్ల దగ్గర జాగ్రత్త. మార్గరెట్ డేహాఫ్ 1978లో ఇచ్చిన పామ్ అనే స్కోరు టేబుళ్లలో అంకె పెరిగేకొద్దీ దూరపు చుట్టరికం. హెనికాఫ్ దంపతుల 1992 నాటి బ్లోసమ్‌లో అంకె తగ్గేకొద్దీ దూరం. చదువుకునే రోజుల్లో ఇది తిరగేసి పట్టుకుని, దగ్గరి జతలకు పామ్250 వాడి వారం రోజుల పని పాడుచేసుకున్నాను. నీవి దూరపు చుట్టాల్లా ఉన్నాయి కాబట్టి బ్లోసమ్45తో మళ్ళీ చెయ్యి. ట్రిప్టోఫాన్లు, సిస్టీన్లు ఎక్కడెక్కడ ఎదురుపడ్డాయో గుర్తు పెట్టి ఆ పేజీ నాకు పంపు.

మీ మామయ్య