దేవుడి సంగతి తేల్చుకోలేదు, ఆదివారం మాత్రం చర్చిలోనే ఉంటాను

"నమ్మకం పెద్దగా లేకుండా మనుషుల కోసం, స్నేహాల కోసం చర్చికి వెళ్తే అది మోసం కాదా" అని అడిగారు. కాదు. నేను ఏళ్ల తరబడి అలాగే వెళ్తున్నాను. దేవుడున్నాడా అని అడిగితే ఒక్కో రోజు ఒక్కో జవాబు చెప్తాను కానీ, ఆదివారం పొద్దున ఎక్కడుంటావంటే తడుముకోను.

ఒకసారి జ్వరమొచ్చి గదిలో ఒక్కణ్ణే పడి ఉన్నాను. ఆఫీసు గ్రూపులో చెప్తే బొటనవేలి బొమ్మలు పెట్టారు, సాయంత్రానికల్లా ఫలానా ఫైల్ ఎక్కడుందని అడిగారు. ఆదివారం ఆరాధన అయిన కాసేపటికి ఫోన్ మోగింది. కొయిర్‌లో, అంటే చర్చి పాటల బృందంలో, నా పక్కన నిలబడే పెద్దాయన. "ఏమయ్యా, రాలేదేం? రెండో చరణంలో నేనొక్కణ్ణే మిగిలాను, పరువు పోయింది" అన్నారు. జ్వరమండీ అన్నాను. ప్రార్థన చేస్తాలే అని పెట్టేస్తారనుకుంటే, "తలుపు గడియ తీసి ఉంచు, వస్తున్నా" అన్నారు. థర్మామీటర్ తెచ్చారు గానీ కళ్లజోడు మర్చిపోయారు, దాంతో అంకె నేనే చదివి చెప్పాల్సి వచ్చింది. తర్వాత కుర్చీ లాక్కుని, ఆ రోజు పాస్టర్ గారి ప్రసంగం ఎంతసేపు సాగిందో, ప్రకటనలు అంతకన్నా ఎంతసేపు సాగాయో, మైక్ ఎలా కీచుమందో పూసగుచ్చినట్టు చెప్పారు. వెళ్లేముందు నా నెత్తిన చెయ్యి పెట్టి చిన్న ప్రార్థన చేశారు. నేను ఆమెన్ అన్నాను. అది నటన అని ఎవరైనా అంటే నేనొప్పుకోను, ఆ చేతికి చెప్పాల్సిన జవాబు అదే.

ఆ ప్రకటనల గురించి ఎవరూ ఏమీ చెయ్యరేంటో నాకర్థం కాదు. గోడ మీద అతికించిన కాగితంలో ఉన్నదే, గ్రూపులో పంపిందే, మళ్లీ మైకులో చదువుతారు. నమ్మకం ఉన్నవాళ్లు ఎలా భరిస్తారో గానీ, నాలాంటివాడికి అసలు పరీక్ష అక్కడే.

నాదొక్కడి అనుభవమే అనుకోకండి. 2010లో చేయూన్ లిమ్, రాబర్ట్ పుట్నం అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో ఇదే విషయం చూశారు. తరచూ ఆరాధనకు వెళ్లేవాళ్లలో కనిపించే తృప్తికి ముఖ్య కారణం అక్కడ కుదిరిన స్నేహాలేనని, ఆ చర్చి సంఘంలో స్నేహితులెవరూ లేకుండా వెళ్లొచ్చేవాళ్లకు ఆ లాభం కనబడలేదని తేల్చారు. మతమే తమ గుర్తింపు అనుకునేవాళ్లలో ఈ ఫలితం గట్టిగా ఉందని కూడా వాళ్లే రాశారు, అది నా వాదనకు అంతగా కలిసిరాదు, పోనివ్వండి. 2013లో లండన్‌లో సాండర్సన్ జోన్స్, పిప్పా ఎవాన్స్ అనే కమెడియన్లు దేవుడి ఊసు లేకుండా సండే అసెంబ్లీ మొదలుపెట్టారు. అందులోనూ అందరూ కలిసి పాడతారు, ఒకరు ప్రసంగిస్తారు. దేవుణ్ణి తీసేసినా ఆదివారాన్ని మాత్రం వదులుకోలేకపోయారు చూశారా!

కొందరు "జిమ్‌లో చేరు, క్లబ్‌లో చేరు" అంటారు. చేరాను. అక్కడ నా వయసువాళ్లే, నాలాంటివాళ్లే. చర్చిలో పసిపిల్లల నుంచి పండుముసలి దాకా ఒకే వరుసలో కూర్చుంటారు, నాకు నచ్చనివాళ్లతో సహా. నచ్చనివాళ్ల పక్కన కూర్చోవడం ఇంకెక్కడ అలవాటవుతుంది?

అయితే దొంగచాటు వద్దు. నేను పాస్టర్ గారికి మొదట్లోనే చెప్పేశాను. "కుర్చీలు సర్దడానికి బాప్తిస్మం అక్కర్లేదులే" అన్నారాయన. రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభు బల్లలో నేను పాలుపొందను, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పమంటే లేవను, సంఘ పెద్దగా ఉండమంటే వద్దంటాను. గోడ మీద పిల్లి అని వెనకాల అనేవాళ్లున్నారు. ఆరాధన అయ్యాక కుర్చీలు మడతపెట్టే వేళకి వాళ్లు ఎప్పుడూ కనబడరు, అది వేరే సంగతి.

మీరు వెళ్లాలనుకుంటే ఆరాధన అవగానే గబగబా బయటపడకండి, అసలు పరిచయాలన్నీ ఆ తర్వాతే. పాడటం వస్తే కొయిర్‌లో అడగండి. మా దగ్గర టెనర్ గొంతులకి, అంటే పై స్థాయిలో పాడే మగ గొంతులకి, ఎప్పుడూ కరువే, మీ దగ్గరా అంతే అయ్యుంటుంది.