స్ట్రాబెరీ కాయ వంకర: లోపం బోరాన్‌ది కాదు, పుప్పొడి అందకపోవడానిది

ప్రశ్న: ప్లాస్టిక్ టన్నెల్‌లో స్ట్రాబెరీ వేశాం. కాయలు వంకరగా, కొన నొక్కుకుపోయి వస్తున్నాయి. బోరాన్ లోపమని డీలర్ చెబితే బోరాన్ (సూక్ష్మపోషకం), ఇమిడాక్లోప్రిడ్ (పురుగుమందు), కాప్టాన్ (తెగులు మందు) కలిపి వారానికోసారి మూడుసార్లు కొట్టాం. తగ్గలేదు. ఇంకేం కొట్టాలి?

జవాబు: ఇంకేమీ కొట్టకండి. ఇది పుప్పొడి అందక వచ్చిన వంకరలా ఉంది. ఒక కాయ కోసి, నొక్కుకుపోయిన చోట భూతద్దంతో చూడండి. అక్కడి గింజలు సన్నగా, ఒకదానికొకటి ఆనుకుని ఉంటే పుప్పొడి అందనట్లే. ఒక్కో గింజకూ విడిగా పుప్పొడి పడాలి, పడిన గింజ చుట్టూనే కండ ఊరుతుంది. గింజలు మామూలు సైజులోనే ఉండి కండ మాత్రం పెరగకపోతే రసం పీల్చే పురుగు పని.

పూత మీద ఇమిడాక్లోప్రిడ్ ఎవరు కొట్టమన్నా కొట్టకూడదు. అది మకరందంలోకీ పుప్పొడిలోకీ చేరి తేనెటీగల్ని చంపుతుంది. కాప్టాన్ విచ్చిన పూల మీద పడితే పుప్పొడి మొలకెత్తడం తగ్గుతుంది. పరీక్ష లేకుండా మూడు మందులు కలిపి ఇవ్వడం సలహా కాదు, అమ్మకం. ఆకు పరీక్షలో బోరాన్ 25 పీపీఎం (పది లక్షల భాగాల్లో 25) కంటే తక్కువ వస్తేనే, పూతకు ముందు ఒకసారి, లీటరు నీటికి 1 గ్రాము బోరిక్ ఆమ్లం చాలు. ఎక్కువైతే ఆకు అంచులు మాడతాయి. మీరు ఇప్పటికే మూడుసార్లు పోశారు, అంచులు గమనించండి.

ఉదయం 9 నుంచి సాయంత్రం 4 దాకా టన్నెల్ పక్కలు ఎత్తి ఉంచండి. గాలి ఆడాలి, తేనెటీగలు లోపలికి రావాలి. ఎకరాకు 1–2 తేనెటీగల పెట్టెలు పెట్టించండి. అయితే ఇమిడాక్లోప్రిడ్ కొట్టిన వెంటనే వద్దు. ఆ మందు తగిలిన పూత రాలిపోయి, కొత్త పూత విచ్చాకే పెట్టండి.

పూలలో చేరే సన్నటి తామర పురుగుల భయముంటే పూలను తెల్ల కాగితం మీద తట్టి లెక్కపెట్టండి. సగటున పువ్వుకు 10 దాటితేనే పురుగుమందు స్పైనోశాడ్ 45 శాతం ఎస్‌సీ లీటరుకు 0.3 మి.లీ. చొప్పున కొట్టండి. అదీ పొద్దుగూకి తేనెటీగలు వెళ్లిపోయాకే. మందు తడి ఆరేదాకా వాటికి ప్రమాదమే. ఇమిడాక్లోప్రిడ్ వాడిన తోటల్లో తర్వాత ఎర్రనల్లి (ఆకు అడుగున రసం పీల్చే సన్నటి నల్లి) పెరగడం మామూలే కాబట్టి, వారానికోసారి 20 ఆకులు తిరగేసి అడుగున చూడండి.

వంకరపోయిన కాయ ఇక సరికాదు, తుంచేయండి. పువ్వు విచ్చినప్పటి నుంచి కాయ పండటానికి దాదాపు నెల పడుతుంది కాబట్టి, ఇప్పుడు మందు ఆపిన ఫలితం అప్పుడే కనిపిస్తుంది. ఈలోగా కంగారుపడి మళ్లీ దుకాణానికి వెళ్లకండి.