ఊళ్లో ఇల్లు, పట్నంలో ఉద్యోగం: మాధవికి ఉత్తరం

చి.సౌ. మాధవికి, మామయ్య ఆశీస్సులు.

హైదరాబాద్ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఉద్యోగం వదలకుండా శంకర్‌పల్లి వైపో చేవెళ్ల వైపో ఊళ్లో ఉందామనుకుంటున్నారని మీ అమ్మ చెప్పింది. మంచి ఆలోచనే. కాకపోతే ముందు ఒక్క మాట ఖాయం చేసుకోండి. మొదటి ఏడాది కిరాయికే ఉండాలి. జాగా కొనే మాట ఒక ఎండాకాలం, ఒక వానాకాలం ఆ ఊళ్లో గడిచాకే. జనవరిలో ఏ ఊరైనా బాగానే ఉంటుంది. నీళ్ల సంగతి మే నెలలో బయటపడుతుంది, దారి సంగతి ఆగస్టులో.

దూరం కిలోమీటర్లలో లెక్కపెట్టకు. మీ ఆఫీసు నుంచి మోకిల ఇరవై కిలోమీటర్ల లోపు, శంకర్‌పల్లి ఇంచుమించు ముప్ఫై, చేవెళ్ల ముప్ఫై అయిదు. ఆదివారం పొద్దున కారులో వెళ్లొచ్చి "గంట కూడా పట్టలేదు" అనుకుంటే ఆ లెక్క దేనికీ పనికిరాదు. సోమవారం పొద్దున ఎనిమిదింటికి ఊళ్లో బయల్దేరి చూడండి. ఏదో ఒక రోజు సాయంత్రం ఆరున్నరకు, వాన పడుతున్నప్పుడు, ఆఫీసు గేటు నుంచి బయల్దేరి చూడండి. ఆ రెండిట్లో ఎక్కువ పట్టిన సమయమే మీ అసలు దూరం. అది గంటన్నర దాటితే ఆ ఊరు వదిలేయండి, ఇల్లు ఎంత నచ్చినా సరే. ఆరు నెలలు తిరిగేసరికి ఊళ్లో పడుకోవడానికి తప్ప ఉండటానికి టైమే మిగలదు.

శంకర్‌పల్లి దారిలో నార్సింగి, కోకాపేట దాటడమే సగం ప్రయాణం. జన్వాడ దాటాక బండి సాఫీగా పోతుంది. చేవెళ్ల దారి వేరే రకం. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల వెడల్పు పని మర్రిచెట్లు కొట్టేయొద్దన్న గొడవతో ఏళ్ల తరబడి ఆగిన రోడ్డు అది. చూడ్డానికి ఎంత అందమో, ఎదురుగా టిప్పర్ హెడ్‌లైట్లు కళ్లలో పడుతుంటే రాత్రిపూట నడపడం అంత కష్టం. మీలో ఎవరైనా రోజూ రాత్రి తొమ్మిది దాటాక వచ్చేటట్టయితే ఆ దారి వద్దని నా సలహా.

అల్లుడుగారు బైకు మీద వెళ్తారేమో, ఔటర్ రింగ్ రోడ్డు మీదికి బైకుల్ని రానివ్వరు, సర్వీస్ రోడ్డే దిక్కు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తినప్పుడు మంచిరేవుల దగ్గరా, హిమాయత్‌సాగర్ కిందా ఆ సర్వీస్ రోడ్ల మీదికి నీళ్లొచ్చి మూసేస్తారు. ఆ రోజుకు ఇంకో దారి ఏమిటో ముందే చూసిపెట్టుకోవాలి. ఊరికీ మెయిన్ రోడ్డుకీ మధ్య లోతట్టు కల్వర్టు ఉందేమో చూడండి. పెద్ద వానకు దాని మీంచి నీళ్లు ఎన్ని గంటలు పారతాయో పక్కనే కిరాణా కొట్టాయన్ని అడిగితే తేల్చి చెప్తాడు. దళారీ చెప్పడు.

రైలు మీద ఆశ పెట్టుకునే ముందు టైం టేబుల్ చూడు. శంకర్‌పల్లి, నాగులపల్లి లింగంపల్లి లైన్లోనే ఉన్నాయి కానీ ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లు అక్కడిదాకా రావు. ఆ స్టేషన్లలో ఆగే బండ్లు తక్కువ. పొద్దున దొరికిన బండి కాదు, సాయంత్రం తిరిగొచ్చే బండి నీ షిఫ్టుకు కుదరాలి. బస్సయితే 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి నీకు ఖర్చు ఉండదు. కానీ చేవెళ్ల బస్సు మెహిదీపట్నం పోయేది. అప్పా జంక్షన్‌లో దిగి ఇంకో బండి పట్టుకోవాలి. ఆ రెండో బండి కోసం ఎంతసేపు నిలబడాలో కూడా లెక్కలో వేసుకో.

ఖర్చు కూడా కాగితం మీద పెట్టండి. పోనూ రానూ 70 కిలోమీటర్లు, నెలకు 22 రోజులు అంటే 1,540 కిలోమీటర్లు. కారు లీటరుకు 18 ఇస్తే 85 లీటర్ల పైమాటే. పెట్రోలు లీటరు 107 అనుకుంటే తొమ్మిది వేలు దాటుతుంది. టోలు, టైర్లు, సర్వీసింగు వేరే. వారానికి మూడు రోజులే ఆఫీసయితే ఇందులో ఇంచుమించు అరవై శాతం అవుతుంది. పట్నంలో కట్టే అద్దెలో మిగిలేది ఇంతకన్నా ఎక్కువ ఉంటేనే డబ్బు కలిసొచ్చినట్టు.

ఇక నీళ్లు. అన్నిటికన్నా దీని మీదే ఎక్కువ టైం పెట్టండి. మిషన్ భగీరథ నల్లా ఉందంటే సరిపోదు. ఎన్ని రోజులకోసారి వదులుతారు, ఎంతసేపు వస్తాయి, ఆ వీధి చివరి ఇంటికి వస్తాయా అని అడగండి. బోరును మీరే పరీక్షించండి. రెండు వందల లీటర్ల డ్రమ్ము పైపు కింద పెట్టి మోటారు వేసి ఎన్ని నిమిషాల్లో నిండిందో చూడండి. మోటారు ఆపకుండా రెండు గంటలు నడిపించి మళ్లీ అదే డ్రమ్ము నింపండి. మొదట పది నిమిషాలు పట్టి, రెండోసారీ పదీ పదకొండు పడితే బోరు గట్టిది. ఇరవై పట్టినా, మధ్యలో గాలి కొట్టి నీళ్లు ఎగిరెగిరి పడినా, ఏప్రిల్‌కల్లా ట్యాంకరు పిలవాల్సిందే. మీ అయిదుగురికి రోజుకు ఏడు వందల లీటర్లు కావాలి. పది నిమిషాలకు డ్రమ్ము నింపే బోరు దాన్ని గంటలోపే ఇస్తుంది. మోటారు లోడు పడుతున్న చప్పుడు, వట్టిగా తిరుగుతున్న చప్పుడు వేర్వేరుగా ఉంటాయి. దగ్గర నిలబడి వినండి.

నీళ్లు దొరికాయి కదా అని తాగేయకండి. ల్యాబులో ఫ్లోరైడు, నైట్రేటు, టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) చూపించండి. ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. 1.5 దాటితే పిల్లకు ఆ నీళ్లు పట్టొద్దు. కాచినంత మాత్రాన ఫ్లోరైడు పోదు. నైట్రేటు 45 మిల్లీగ్రాములు దాటిందంటే సెప్టిక్ ట్యాంకు నుంచో పొలం ఎరువుల నుంచో దిగుతున్నట్టు. సెప్టిక్ ట్యాంకుకూ బోరుకూ మధ్య అరవై అడుగులైనా ఉండాలి. మన ఇంటిదే కాదు, పక్కింటివాళ్ల ట్యాంకు కూడా కొలవండి. మలినం కలిసిందో లేదో తెలుసుకోవడానికి హెచ్2ఎస్ సీసా దొరుకుతుంది. గీత దాకా నీళ్లు పోసి మూత బిగించి ఒక రోజో రెండు రోజులో వెచ్చని చోట ఉంచితే, కలుషితమైన నీళ్లు నల్లబడతాయి. పటాన్‌చెరు, బొల్లారం వైపు చవగ్గా ఇల్లు దొరికిందని ఎవరైనా చెప్తే పోవద్దు. అక్కడి భూగర్భ జలాన్ని ఫ్యాక్టరీల వ్యర్థాలు పాడుచేసిన సంగతి సుప్రీంకోర్టు దాకా వెళ్లిందే.

కరెంటు సంగతి సాయంత్రం ఏడు, తొమ్మిది మధ్య తెలుస్తుంది. మల్టీమీటరు ప్లగ్గులో పెట్టి చూడండి. 230 రావాలి, 200 కిందికి దిగితే ఫ్రిజ్ కంప్రెసర్ ఎక్కువ కాలం నిలవదు. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి చివరి స్తంభం దగ్గరున్న ఇళ్లకే ఈ బాధ. లైన్‌మన్ మరమ్మతుకు ఎల్‌సీ తీసుకుంటే, అంటే లైను ఆపిస్తే, రెండు మూడు గంటలు పోవడం మామూలే. ఇంటి నుంచి పనిచేసే రోజులకు 150 ఏహెచ్ బ్యాటరీ ఉన్న ఇన్వర్టర్ పెట్టుకోండి. ల్యాప్‌టాప్, రౌటర్, ఒక ఫ్యాను, ఒక లైటు కలిపి 170 వాట్లనుకుంటే ఏడు గంటల దాకా లాగుతుంది. ఫైబర్ లైను ఆ వీధిలోకే వచ్చిందో లేదో స్తంభం మీద చూడండి. "వచ్చే నెల వస్తుంది" అనేది లెక్కలోకి తీసుకోకండి. ఫోను సిగ్నల్ వాకిట్లో కాదు, లోపలి గదిలో తలుపు వేసుకుని వీడియో కాల్ చేసి చూడాలి.

చేవెళ్ల, శంకర్‌పల్లి చుట్టుపక్కల నల్లరేగడి ఎక్కువ. వానకు ఉబ్బి ఎండకు కుంగే నేల అది. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పగుళ్లు పాకి ఉన్నా, వానాకాలం తలుపులు బిగుసుకుపోతున్నాయన్నా పునాది సరిగ్గా వేయలేదని అర్థం. రంగు కొత్తగా వేసి ఉంటే పక్కింటి గోడలు చూడండి, నేల ఒకటే కదా.

చుట్టూ రెండు కిలోమీటర్లు నడిచి ఏమున్నాయో చూడండి. కోళ్ల ఫారం ఇంటికి పడమరన ఉంటే వానాకాలమంతా గాలి అటు నుంచే. ఈగలు విపరీతంగా ఉండేదీ అప్పుడే. తూర్పున ఉంటే చలికాలంలో వాసన వస్తుంది. రాళ్లు కంకర కొట్టే క్రషర్ దగ్గరుంటే చెట్ల ఆకుల మీద తెల్లటి పొడి కనిపిస్తుంది. బ్లాస్టింగ్ ఏ టైముకు చేస్తారో అడిగి, ఆ టైముకు ఇంట్లో నిలబడి చూడండి.

మీ అత్తగారి బీపీ, షుగర్ మందులకు ఊళ్లో ఆరోగ్య కేంద్రం చాలు. రాత్రి ఛాతీ నొప్పి వస్తే ఎక్కడికి, ఎంతసేపట్లో అన్నది వేరే ప్రశ్న. 108 బండి ఎక్కడ నిలబడుతుందో కనుక్కోండి. పాముకాటు మందు దగ్గర్లోని ఏ సర్కారు దవాఖానలో ఎప్పుడూ ఉంటుందో ముందే అడిగి గోడ మీద రాసిపెట్టండి. పొలాల పక్కనున్న ఇంట్లో నేల మీద పడుకోకండి. కట్లపాము రాత్రిపూట కరుస్తుంది, పెద్దగా నొప్పీ వాపూ ఉండవు, అందుకే ఆలస్యం చేసి ప్రాణం మీదికి తెచ్చుకుంటారు. గాటు కోయడం, గట్టిగా కట్టడం వద్దు. కాలో చెయ్యో కదలనివ్వకుండా నేరుగా దవాఖానకే.

బడి బస్సు ఊళ్లోకి వస్తుందా, రోడ్డు మీద ఆగుతుందా అన్నది బడివాళ్లనే అడగండి. ఆరేళ్ల పిల్ల రోజూ రెండు గంటలు బస్సులో కూర్చోకూడదు.

ఏడాది తర్వాత కొనాలనిపిస్తే కాగితాలు ఇలా చూడాలి. 1954-55 ఖాస్రా పహాణీ నుంచి ఇప్పటి భూభారతి రికార్డు దాకా పేరు ఎలా మారుతూ వచ్చిందో వరసగా కలవాలి. ముప్ఫై ఏళ్ల ఈసీ, అంటే ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తనఖాల పత్రం తీయండి. లావుణి పట్టా అంటే ప్రభుత్వం ఇచ్చిన భూమి. 1977 చట్టం ప్రకారం దాన్ని అమ్మడం చెల్లదు, ఎంత చవకైనా ముట్టుకోవద్దు. సాదా బైనామా (రిజిస్టరు కాని తెల్లకాగితపు అమ్మకం), నోటరీ కాగితం చూపిస్తే లేచి వచ్చేయండి. 38-ఇ కింద హక్కు పొందిన రక్షిత కౌలుదారులు, ఇనాం, వక్ఫ్, భూదాన్, రిజిస్ట్రేషన్ నిషేధిత జాబితా అన్నీ సర్వే నంబరుతో సరిచూడాలి. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి అంచు) నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు బఫర్, అంటే ఇల్లు కట్టకూడని జాగా. ఎండాకాలం ఆ జాగా మామూలు పొలంలా కనిపించి మోసం చేస్తుంది. గుంటల లెక్కన అమ్మే ఫామ్ ప్లాట్లు మీకొద్దు. గుంటకు 121 గజాలు, ధర తక్కువే, కానీ అనుమతి ఉన్న లేఅవుట్ కాకపోతే ఇంటి పర్మిషన్ దగ్గర ఇరుక్కుంటారు. మొయినాబాద్, శంకర్‌పల్లి, చేవెళ్ల, శంషాబాద్ మండలాల్లో చాలా ఊళ్లు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల రక్షణకు కట్టడాల మీద ఆంక్షలు పెట్టిన 1996 నాటి 111 జీవో చెప్పిన 84 గ్రామాల్లో ఉన్నాయి. "జీవో పోయింది, ఇప్పుడేమీ లేదు" అని నోటితో చెప్పేవాళ్లను నమ్మకుండా హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. రీజినల్ రింగ్ రోడ్డు గీత ఆ సర్వే నంబరు మీంచి పోతుందేమో కూడా చూడాలి.

మీరు అనుకుంటున్న మూడు ఊళ్ల పేర్లు, చూసిన ఇళ్ల సర్వే నంబర్లు రాసి పంపు. వచ్చే శనివారం లోపు పంపితే ఎక్కడ చెరువు ఉందో, ఎక్కడ నల్లరేగడో గుర్తుపెట్టి తిరిగి పంపుతాను. డ్రమ్ము, మల్టీమీటరు నా దగ్గర ఉన్నాయి, కొనకండి.

మామయ్య